ఏ ఎరుపు?

కిందటి నెల కొల్లేటి పక్కన మురుగుకాలవ గట్టుకి లెవెల్సు తీస్తున్నాం. కొలబద్ద నిలబెట్టి పట్టుకునే ఖలాసీ పని మధ్యలో నా దగ్గరికి వచ్చి, రేపు సెలవు కావాలన్నాడు.

"ఎందుకయ్యా? మొన్ననేగా ఇంటికి వెళ్ళొచ్చావు."

"మా ఊళ్ళో పెద్దకర్మ ఉందండి బాబుగారూ. బొమ్మల మేష్టారు పోయారండి."

"ఏ మేష్టారు?"

"గూడెం హైస్కూల్లో చేసి వచ్చేశారండి. చాలా మంచోరండి. ఎవరు ఎదురుపడినా పలకరించే ముందు ఓ కన్ను మూసి చూసేవోరండి."

ఒక కన్ను మూసి చూసేవారు అన్నాక ఎవరో తెలిసింది. చేతిలో లెవెల్ పుస్తకం ఉంది. ఆ వరసలో రాయవలసిన అంకె రాశాను. తరవాత చూసుకుంటే అది తప్పు అంకె. ఆ ముక్కంతా మళ్ళీ కొలవవలసి వచ్చింది.

తాడేపల్లిగూడెంలో ఆయన మాకు డ్రాయింగు మాస్టారు. చెయ్యి బారుగా చాపి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఎడమ కన్ను మూసి, ఎదుట ఉన్న వస్తువు ఎత్తుని బొటనవేలితో పెన్సిలు మీద గుర్తు పెట్టుకోవడం బొమ్మలు వేసేవాళ్ళందరూ చేసే పనే. ఆయనకి అది ఎంత అలవాటైపోయిందంటే, చేతిలో పెన్సిలు లేకపోయినా కన్ను మూతపడేది. హెడ్మాస్టరు గారు చీవాట్లు పెడుతున్నప్పుడు కూడా మూతపడేది. ఒకసారి హెడ్మాస్టరు గారు, "ఏమిటండీ అది, నన్ను చూసి కన్ను గీటుతారా?" అని మండిపడ్డారట. ఈయన చాలా మర్యాదగా, "లేదండీ, మామూలుగా తల ఒంటిలో ఏడోవంతు ఉంటుందండీ. తమరికి ఆరోవంతు ఉంది. సరిచూసుకుంటున్నానండీ" అన్నారట. ఇది స్టాఫురూములో ప్యూను విని మాకు చెప్పిన సంగతి. ఆయన్ని అడిగితే, "నిజమేరా, ఆరోవంతే" అన్నారు తప్ప నవ్వలేదు.

ఆయనది కొల్లేటి లంక గ్రామం. చేపలు పట్టే కుటుంబం. ఆ సంగతి దాచేవారు కారు, చెప్పుకు తిరిగేవారూ కారు. పాఠంలో అవసరమైనప్పుడు మాత్రం వచ్చేది. ఫస్టు ఫారం పిల్లలకి నల్లబల్ల మీద వృత్తం గీయడం నేర్పుతూ, "మణికట్టుతో గీస్తే అది దోసె అవుతుంది. భుజంతో గీయాలి. వల ఎలా విసురుతారు? లేవండి అందరూ" అని తరగతి మొత్తం చేత లేని వలలు విసిరించేవారు. పక్క గదిలో లెక్కలు చెప్పే మాస్టారు కిటికీలోంచి తొంగి చూసి, "ఏవైనా పడ్డాయా?" అనేవారు. "రెండు కొరమీనులండీ, తమకొకటి పంపుతాను" అనేవారు ఈయన.

రంగులు కలుపుకోవడానికి పింగాణీ గిన్నెలు కాకుండా కొల్లేటి గుల్లలు వాడేవారు. సెలవులకి ఊరు వెళ్ళి వచ్చినప్పుడల్లా సంచీ నిండా తెచ్చేవారు. గుల్ల లోపలి తెలుపు ఏ రంగునీ మోసం చేయదని ఆయన నమ్మకం. మాకు ఒక్కొక్కరికి ఆరేసి ఇచ్చేవారు. నేను నావాటికి వెనకవైపు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసుకున్నాను. అది చూసి ఆయన నాకు అప్పుడే ఉద్యోగం ఇచ్చేశారు. "ఓవర్సీరు గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. పరీక్షకి గుర్రపుబండి బొమ్మ వేయమంటే, నేను చక్రాలూ, ఇరుసూ, పోలుకర్రలూ స్కేలు పెట్టి కొలిచి వేసి చూపించాను. చాలాసేపు కన్ను మూసి చూశారు. "గీతలు దివ్యంగా ఉన్నాయండీ ఓవర్సీరు గారూ. గుర్రం ఎక్కడుందండీ?" అన్నారు. గుర్రం ఉంది. దాని కాళ్ళు నాలుగూ ఒకే కొలతలో ఉన్నాయి. ఆయనకి కనపడలేదు.

ఆయన సొరుగులో రెండు బొమ్మలుండేవి. రెండూ ఒకే చిత్రానికి అచ్చులు. ఒక స్త్రీ రాతిమెట్ల మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటూ ఉంటుంది. అసలు చిత్రం మద్రాసు మ్యూజియంలో ఉంది. నిలువెత్తు నూనెరంగుల చిత్రమని ఆయన ఎక్కడో చదివారు. ఒక అచ్చు ఏదో పాత మాసపత్రికలోది. రెండోది క్యాలెండరుది. పత్రికలో ఆవిడ చీర నేరేడుపండు రంగు. క్యాలెండరులో దానిమ్మగింజ రంగు.

"రెండూ నిజం కావడానికి వీల్లేదు కదరా" అనేవారు, రెండింటినీ పక్కపక్కన పెట్టి. "రంగు తెలిస్తే పొద్దు తెలుస్తుంది. దానిమ్మ అయితే అది పొద్దుటి ఎండ. ఆవిడ ఎవరికోసమో చూస్తోంది. నేరేడు అయితే సాయంత్రం. ఇంక వాళ్ళు రారని ఆవిడకి తెలిసిపోయింది. మొహం ఒకటే. చీర రంగు తెలియకుండా ఆ మొహంలో ఏముందో ఎలా చెప్పడం?"

మద్రాసు వెళ్ళి వచ్చిన ప్రతి మనిషినీ అడిగేవారు. హైకోర్టు పని మీద వెళ్ళే ప్లీడరు గారు, "చూశానండీ, ఏదో ఎర్రచీర" అన్నారు. కూతురి పెళ్ళికి పట్టుచీరలు కొనడానికి వెళ్ళిన షావుకారు గారు, "ఎర్రదేనండి, కానీ జరీ తక్కువ" అన్నారు. ఇరవై ఏళ్ళు బొమ్మలు నేర్పిన మనిషి ఒక్కటంటే ఒక్క అసలు నూనెరంగుల చిత్రాన్ని కంటితో చూడలేదు. అచ్చులు చూసి నేర్చుకున్నారు, అచ్చులు చూపించి నేర్పారు.

నేను ఫిఫ్తు ఫారంలో ఉండగా డ్రాయింగు పరీక్షకి కట్టిన పదిమంది పిల్లల్ని మద్రాసు తీసుకువెళ్ళి మ్యూజియం చూపించడానికి ఆయన హెడ్మాస్టరు గారిని ఒప్పించారు. అప్పటికింకా మనకి మద్రాసే రాజధాని. ఒప్పుకున్న రోజున ఆయన తరగతిలోకి వచ్చి నల్లబల్ల మీద ఏమీ రాయకుండా ఐదు నిమిషాలు తుడిచారు. తరవాత, "వెళ్తున్నామురా" అన్నారు.

ప్రయాణానికి నాలుగు నెలలుంది. జాబితా నన్ను రాయమన్నారు. దుప్పటి, చెంబు, రెండు జతల బట్టలు, పెన్సిళ్ళు మూడు, రబ్బరు, చిన్న నోటుపుస్తకం, ఊరగాయ సీసా వద్దు అనే హెచ్చరిక. పద్నాలుగు అంశాలు రాసి చూపించాను. ఆయన పదిహేనోది తన చేత్తో చేర్చారు: "రెండు కళ్ళు. రైల్లో కిటికీ దగ్గర కూర్చోవద్దు, బొగ్గు నలుసులు పడతాయి. పడితే నలపవద్దు. తడిగుడ్డ ప్రతివాడి దగ్గరా ఉండవలెను."

శనివారం మధ్యాహ్నాలు స్కూలు వెనక వరండా మాకు మద్రాసు అయింది. తాటిబద్దలతో ఐదు చట్రాలు చేసి, వాటికి గోనెపట్టా బిగించి, గోడకి వేలాడదీశారు. వాటిలో ఏ బొమ్మా లేదు. ఒట్టి గోనె. వాటి ముందు చూడటం నేర్పారు. ముందు ఆరడుగుల దూరంలో నిలబడాలి. చేతులు వెనక్కి కట్టుకోవాలి. తరవాత మూడడుగులు దగ్గరికి వెళ్ళాలి. మళ్ళీ వెనక్కి రావాలి. "రంగు దూరానికి ఒకలా ఉంటుంది, దగ్గరికి ఒకలా ఉంటుంది. రెండూ రాసుకోవాలి. తెలియకపోతే తెలియదని రాసుకోవాలి. ఉజ్జాయింపు పనికిరాదు."

మాలో ఒకడు, "ఏం చూడాలండీ మాస్టారూ? గోనెసంచీ ఉందండీ" అన్నాడు.

"గోనెసంచీనే చూడు. ఎన్ని రంగులున్నాయి?"

"గోనె రంగేనండీ."

"ఇంకో పావుగంట నిలబడు."

పావుగంట తరవాత వాడు ఏడు రంగులు చెప్పాడు. వాటిలో రెండు అబద్ధమని మాకు తెలుసు. ఆయన ఏడూ ఒప్పుకున్నారు.

ఫస్టు అసిస్టెంటుగా ఉన్న మా ఇంగ్లీషు మాస్టారు ఆ దారిన పోతూ ఆగి, "ఏమండీ, చేరారా మద్రాసు?" అనేవారు. "ఇంకా గూడూరు దాటలేదండీ" అనేవారు ఈయన. ఆ నాలుగు నెలల్లో ఆయన కోపంగా ఉండగా నేను చూడలేదు. చొక్కా ఉతికి నీలం పెట్టించుకున్నారు. ఎవరో చెప్పారని, మద్రాసులో దారి అడగడానికి అరవం ముక్కలు నాలుగు నేర్చుకుని, మా మీదే ప్రయోగించేవారు. సొరుగులో ఉన్న రెండు అచ్చుల్నీ అట్టలకి అంటించి, మధ్యలో పల్చటి కాగితం వేసి, వెంట తీసుకువెళ్ళడానికి సంచీ కుట్టించారు.

రైలు కన్సెషను ఫారం నింపే పని కూడా నాదే. నాలుగు కాపీలు. హెడ్మాస్టరు గారు సంతకం పెట్టాక, ఏలూరు విద్యాశాఖ ఆఫీసులో ముద్ర వేయించుకు రావాలి. ఒక సోమవారం పొద్దున్న పాసింజరులో ఏలూరు వెళ్ళాను. గుమాస్తా గారు పెద్దాయన. కాగితాలు తిరగేసి, "దస్తూరీ ముచ్చటగా ఉందయ్యా. నువ్వే రాశావా?" అన్నారు. ముద్ర సిరాలో అద్దారు. చెయ్యి పైకెత్తారు.

అప్పుడు నేను అడిగాను.

ఫారంలో ఏడో గడిలో పిల్లల వెంట వెళ్ళే ఉపాధ్యాయుడి హోదా రాయాలి. వెనకవైపు అచ్చువేసిన నిబంధనల్లో అతను ట్రెయిన్డు అసిస్టెంటు, అంటే ఉపాధ్యాయ శిక్షణ డిగ్రీ ఉన్నవాడు, అయి ఉండాలని ఉంది. మా స్కూలు రిజిస్టరులో డ్రాయింగు మాస్టారి పేరు ఎదురుగా స్పెషలిస్టు అని ఉంది. ఈ తేడా నేను వారం క్రితమే గమనించాను. ఏడో గడిలో టీచరు అని మాత్రం రాశాను. అది నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

"ఏవండీ, చిన్న సందేహమండీ. స్పెషలిస్టు అంటే అసిస్టెంటు కిందికి వస్తారాండీ?"

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. కళ్ళజోడు సర్దుకుని వెనకవైపు నిబంధన చదివారు. ముద్ర దాని డబ్బాలో మెల్లిగా పెట్టేశారు.

"ఎందుకు అడిగావయ్యా?" అన్నారు.

"తప్పు రాయకూడదు కదండీ."

"అడక్కపోతే వేసేసేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా వేస్తున్నాను. ఇప్పుడు అడిగావు. నలుగురూ విన్నారు. చూడనట్టు ఎలా ఉంటాను?" ఆయన నిజంగా బాధపడ్డారు. "ట్రెయిన్డు అసిస్టెంటు పేరు రాయించుకుని రా. వెంటనే వేస్తాను."

గూడెం తిరిగి వచ్చి హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన ఇంగ్లీషు మాస్టారి పేరు వేయమన్నారు. ఇద్దరు మాస్టర్లకి ఒకేసారి సెలవు కుదరదన్నారు. డ్రాయింగు మాస్టారికి ఈ సంగతి నువ్వే చెప్పు అన్నారు.

వరండాలో ఆయన చట్రాల మీద దుమ్ము దులుపుతున్నారు. చెప్పాను. నేనే అడిగానని కూడా చెప్పాను. దాచలేదు. ఆయన గుడ్డ దులపడం ఆపలేదు.

"అడిగావా?"

"అడిగానండీ."

"అడగాలి. తెలియనప్పుడు అడగమని నేనే చెప్పాను కదా." మూడో చట్రం కూడా దులిపారు. "ఇంగ్లీషు మాస్టారు మంచివారు. మద్రాసు ఆయనకి కొట్టిన పిండి. మీకు ఏ ఇబ్బందీ ఉండదు." నాలుగో చట్రం దగ్గరికి వెళ్ళి, నా వైపు తిరగకుండా, "వేసవి సెలవుల్లో నేనొక్కణ్ణీ వెళ్తానులే. అప్పుడు ఎవరి ఫారమూ అక్కర్లేదు" అన్నారు.

మర్నాడు నాలుగు కాపీలూ మళ్ళీ రాశాను.

బయల్దేరిన రోజున పొద్దున్నే స్టేషనుకి వచ్చారు. నీలం పెట్టిన చొక్కా వేసుకున్నారు. పదిమంది దగ్గరా తడిగుడ్డ ఉందో లేదో చూశారు. ఇంగ్లీషు మాస్టారు కిటికీలోంచి, "ఏదైనా చెప్పాలాండీ మద్రాసుకి?" అని హాస్యమాడారు. "నా నమస్కారాలు చెప్పండి" అన్నారు ఈయన. బండి కదిలాక మా పెట్టె పక్కన నాలుగడుగులు నడిచారు. "ఓవర్సీరు గారూ, చీర" అన్నారు. అంతే.

మ్యూజియంలో మాకు గంటన్నర దొరికింది. ఆ రోజే బీచి, లైట్‌హౌసు కూడా చూడాలి. చిత్రాలున్న హాల్లోకి వెళ్ళగానే మేం పదిమందిమీ చెప్పకుండానే ఆరడుగుల దూరంలో వరసగా నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాం. అందరం కలిసి మూడడుగులు ముందుకి వేశాం. మళ్ళీ వెనక్కి వచ్చాం. అక్కడి కాపలా మనిషి మమ్మల్ని చూసి ముందు నవ్వాడు. తరవాత నవ్వడం మానేసి, ఇంగ్లీషు మాస్టారిని అరవంలో ఏదో అడిగాడు. వీళ్ళకి ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడుగుతున్నాడని ఇంగ్లీషు మాస్టారు మాకు చెప్పారు.

ఆ చిత్రం చివరి గోడ మీద ఉంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నేలమీద పలకలు లెక్కపెట్టి చిత్రం కొలతలు కట్టాను. చట్రం వెడల్పు రాశాను. మెట్లు ఎన్నో రాశాను. గాజు లేదని రాశాను. కింద ఎడమవైపు రంగు పగిలిన చోటు ఎంత ఉందో రాశాను. వెలుతురు ఏ కిటికీలోంచి పడుతోందో చిన్న పటం గీశాను. పదకొండు అంశాలు. ఎనిమిదోది: "చీర, ఎరుపు." దగ్గరికి వెళ్ళి చూశానా అంటే చూశాను. సంతోషంగా ఉన్నాను కూడా. అది మాత్రం బాగా గుర్తుంది.

తిరిగి వచ్చిన మర్నాడు ఆయన మమ్మల్ని వెనక వరండాకి రమ్మన్నారు. చట్రాలు ఇంకా అలాగే ఉన్నాయి. పదిమందినీ వరసగా అడిగారు. ఒక్కొక్కడు చెబుతుంటే వాడివైపు కన్ను మూసి చూస్తూ విన్నారు. బీచి గురించి చెప్పినవాణ్ణి కూడా ఆపలేదు. నన్ను చివర అడిగారు. నోటుపుస్తకం తీసి చదివాను. కొలతలు వినగానే లేచి వెళ్ళి, గోడమీద సుద్దముక్కతో అంత ఎత్తు, అంత వెడల్పు గీత గీసుకుని, దాని ముందు నిలబడ్డారు. "ఇంత ఉంటుందా!" అన్నారు. పగిలిన చోటు ఎక్కడో చూపించమన్నారు. అక్కడ వేలు పెట్టి చూసుకున్నారు.

ఎనిమిదో అంశం చదివాను.

"ఏ ఎరుపు?"

నేను పుస్తకంలోకి మళ్ళీ చూశాను. ఆయన సంచీలోంచి రెండు అట్టలూ తీసి, పల్చటి కాగితం తీసేసి, బల్లమీద పక్కపక్కన పెట్టారు. తక్కిన తొమ్మిదిమందీ నావైపు చూస్తున్నారు. చీర ఎరుపని తప్ప వాళ్ళెవరూ చెప్పలేకపోయారు, అన్నీ రాసుకొచ్చింది నేనే కదా. నేను నేరేడు వైపు చూశాను, అదే అనిపించింది. దానిమ్మ వైపు చూశాను, అదీ అనిపించింది. కళ్ళు మూసుకుని మ్యూజియం తలుచుకుంటే నేల పలకలు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు.

తెలియదండీ అనవచ్చు. ఆయన ఏమీ అనేవారు కారు. వేసవిలో వెళ్ళి చూసుకునేవారు. కానీ ఆయన కుడిచెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. ఏడో గడి సంగతి తరవాత, ఆయనకి నేను ఇవ్వగలిగిందంటూ ఉంటే అది ఆ ఒక్క జవాబే. నా వేలు దానిమ్మ మీద పెట్టాను.

"ఇదండీ."

"ఖాయమేనా?"

"ఖాయమండీ."

ఆయన నేరేడు బొమ్మని బోర్లించారు. చాలా నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లని పక్కకి జరిపినట్టు. తరవాత మా అందరివైపూ తిరిగారు. "పొద్దుటి ఎండేనురా!" అన్నారు. అంత గట్టిగా ఆయన మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంక వేసవిలో నేను వెళ్ళక్కర్లేదన్నమాట. నువ్వు చూసి వచ్చావుగా" అన్నారు.

వెళ్ళలేదు. ఆ వేసవిలోనూ వెళ్ళలేదు, తరవాతా వెళ్ళలేదు.

నేను స్కూలు ఫైనలు అయ్యాక కాకినాడలో ఎల్.సి.ఇ. ఇంజనీరింగు చదివి, ఆయన అన్నట్టే ఓవర్సీరునయ్యాను. ఆయన ఉద్యోగం విరమించి లంకకి వెళ్ళిపోయారని తెలుసు. ఏడాదిన్నరగా నా పని కొల్లేటి దగ్గరే. నా క్యాంపు నుంచి ఆయన ఊరికి పడవలో రెండు గంటలు. చేయవలసిన పనులు నేను జేబుపుస్తకంలో రాసుకుంటాను. పేజీ అయిపోతే మిగిలిపోయిన పనులు తరవాతి పేజీలోకి ఎక్కిస్తాను. "మాస్టారిని చూడాలి" అన్నది పోయిన సంవత్సరం నుంచి పేజీ పేజీకీ ఎక్కుతూ వస్తోంది. పని ఎక్కువై వెళ్ళలేదనుకునేవాణ్ణి. మద్రాసు కూడా డిపార్టుమెంటు పరీక్షకి ఒకసారి వెళ్ళాను. మధ్యాహ్నం అంతా ఖాళీ. మ్యూజియం గేటు దాకా నడిచి, వెనక్కి వచ్చేశాను.

ఖలాసీ సెలవు నుంచి తిరిగి వచ్చిన ఆదివారం, అతన్నే దారి చూపమని పడవెక్కాను. కిక్కిస దుబ్బుల మధ్య నుంచి సన్నటి దారి. అతను తెడ్డు వేస్తూ, "మీరు ఇక్కడే ఉన్నారని మేష్టారికి తెలుసండి. నేనే చెప్పానండి" అన్నాడు.

"ఎప్పుడు?"

"మీరొచ్చిన కొత్తలోనేనండి. మీ పేరు చెప్పగానే, వాడు నా దగ్గర చదివినవాడేరా అన్నారండి. కబురు చెప్పమంటారా అనడిగితే, వద్దురా, పనిలో ఉంటాడు, తీరికైతే తనే వస్తాడు అన్నారండి. అందుకే మీతో అనలేదండి."

మాస్టారి భార్య అరుగు మీదే ఉంది. నేనెప్పుడూ ఆవిడని చూడలేదు. నన్ను చూడగానే, "ఓవర్సీరు గారా?" అంది. నా అసలు పేరు ఆవిడకి తెలియదు. లోపలికి రమ్మని, మజ్జిగ ఇచ్చింది. చివరి రోజుల గురించి నేను అడిగితే, "ఏముంది బాబూ, ఆయాసం" అంది. లేచి వెళ్ళి, లోపలి గది తలుపు తీసింది.

గోడకి ఆ చిత్రం ఉంది. నేను మద్రాసు నుంచి తెచ్చి ఇచ్చిన కొలతలే. అంత ఎత్తు, అంత వెడల్పు. గట్టి గుడ్డ బిగించి, నూనెరంగులతో వేశారు. నూనెరంగులు ఆయన ఎక్కడ సంపాదించారో, ఎలా నేర్చుకున్నారో తెలియదు. మెట్లు సరిగ్గా అన్నే ఉన్నాయి. వెలుతురు నేను పటంలో గీసిన కిటికీ వైపు నుంచే పడుతోంది. కింద ఎడమవైపు, రంగు పగిలిన చోటుని కూడా సన్నటి కుంచెతో ఉన్నదున్నట్టు వేశారు. ఆవిడ తల ఆరబెట్టుకుంటూ ఎదురు చూస్తోంది. చీర దానిమ్మగింజ రంగు.

"రెండేళ్ళు పట్టింది బాబూ" అంది ఆవిడ. "తక్కినదంతా ఆర్నెల్లలో అయిపోయింది. చీర దగ్గరే ఆగిపోయారు. వేయడం, గీకేయడం. వేయడం, గీకేయడం. బాగానే ఉంది కదండీ అంటే, నీకేం తెలుసు, నువ్వు చూశావా అనేవారు. మనవాళ్ళల్లో అసలుదాన్ని కొలిచి చూసినవాడు ఓవర్సీరు ఒక్కడే, వాడొచ్చి అవునంటే అవును అనేవారు."

నేను బొమ్మనే చూస్తూ నిలబడ్డాను.

"మీ మాట మీద అనుమానం కాదు బాబూ. మీరు ఖాయంగా చెప్పారట కదా. తన చెయ్యి మీదే అనుమానం. మీరు చెప్పిన ఎరుపు తనకి కుదిరిందో లేదో అని." ఆవిడ కొంగుతో బొమ్మ చట్రం మీద లేని దుమ్ము తుడిచింది. "కుదిరిందా బాబూ?"

"కుదిరిందండీ" అన్నాను.

ఆవిడ తల ఊపింది. తరవాత గూట్లోంచి ఒక గుల్ల, సన్నటి కుంచె తెచ్చింది. గుల్లలో నల్లరంగు అడుగున గట్టిపడి ఉంది. దాని మీద రెండు చుక్కలు నూనె వేసి, నా చేతికి ఇవ్వబోయింది.

"కింద పేరు పెట్టలేదు బాబూ ఆయన. మీరొచ్చి చూశాక పెడతానన్నారు. కుదిరిందన్నారు కదా, మీరే రాసేయండి ఆయన పేరు."

నేను చెయ్యి చాపలేదు. "నేను రాయకూడదండీ" అన్నాను. ఇంకేదో చెప్పబోయి, ఒక అడుగు వెనక్కి వేశాను. "నేను రాయకూడదమ్మా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. చూసి, కుంచె గుల్ల మీద పెట్టేసి, కళ్ళు తుడుచుకుంది.

"గురువుగారంటే ఎంత భక్తి బాబూ మీకు" అంది.